ఆదోని కొండల నుంచి ఆకాశపు పొరల దాకా: రేడియో తరంగాల విశేషాలు

ఫోన్‌లో గీతలు తగ్గితే కంపెనీని తిట్టుకుంటాం. వానకు టీవీలో బొమ్మ ఆగిపోతే డిష్‌ వైపు అనుమానంగా చూస్తాం. అసలు కారణం చాలాసార్లు మన నేలలో, కొండల్లో, మబ్బుల్లో, మబ్బుల పైనున్న పొరల్లో ఉంటుంది. కొండలూ మైదానమూ, నల్లరేగడీ ఎర్రనేలా పక్కపక్కనే ఉన్న కర్నూలు జిల్లా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం రేడియో తరంగాల నడక తెలుసుకోవడానికి చక్కని చోటు. ఆ నడకను కొలిచి, లెక్కగట్టి ప్రపంచానికి చెప్పడంలో తెలుగునాట ఉన్న విశ్వవిద్యాలయాల పాత్ర తక్కువేమీ కాదు. ఆ సంగతులే ఈ విశేషాలు.

కొండెక్కితే రాయచూరు

ఆదోని కోట ఉన్న కొండల్లో బారాకిల్లా, తాలీబండ అనే రెండూ చుట్టూ ఉన్న మైదానం కంటే దాదాపు 800 అడుగులు, అంటే 240 మీటర్ల పైన ఉంటాయి. అంత ఎత్తు నుంచి కంటిచూపు సుమారు 55 కిలోమీటర్ల దాకా సాగుతుంది. రేడియో తరంగం మాత్రం 64 కిలోమీటర్లు పోతుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడటం వల్ల తరంగం కాస్త కిందికి వంగి, భూమి వంపును అనుసరిస్తుంది. ఆ వంపే అదనపు దూరాన్ని ఇస్తుంది. ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. బారాకిల్లా మీద యాంటెన్నా పెడితే దాని చూపు రాయచూరు అంచులను తాకుతుందన్నమాట.

రెండు ఊళ్ళ మధ్య కనిపించని గట్టు

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు సూటిగా కొలిస్తే దూరం 25 కిలోమీటర్ల ప్రాంతం. నేల చదునుగానే కనిపిస్తుంది కానీ, భూమి గుండ్రంగా ఉండటం వల్ల సరిగ్గా సగం దారిలో అది దాదాపు 9 మీటర్లు ఉబికినట్టు లెక్క. గాలిలో తరంగం వంగడాన్ని కలుపుకొన్నాక మిగిలే ఉబ్బు ఇది. అంతటితో అయిపోలేదు. టవర్ నుంచి టవర్‌కు సాగే మైక్రోవేవ్ సన్నని గీతలా పోదు. మగ్గం మీది నాడెలాగా రెండు కొసల్లో సన్నగా, నడుమ లావుగా ఉండే జాగా దానికి కావాలి. 7 గిగాహెర్ట్జ్ తరంగానికి ఈ 25 కిలోమీటర్ల దారిలో ఆ నడుము వ్యాసార్ధం 16 మీటర్లు. అందులో కనీసం అరవై శాతం ఖాళీగా ఉండాలని ఇంజినీర్ల నియమం. ఉబ్బు 9, ఖాళీ 10, మధ్యలో వేపచెట్లకు మరో పది కలిపితే రెండు వైపులా దాదాపు 30 మీటర్ల టవర్లు కావాలి. ఊళ్ళలో టవర్లు అంత ఎత్తున లేవడానికి ఇదొక కారణం.

కొండ చాటుకూ చేరుతుంది, కొంచెమే

కొండ వెనకున్న ఊరికి సిగ్నల్ అసలే అందకూడదు కదా! అయినా కొంత అందుతుంది. కొండ అంచును తాకిన తరంగం అవతలికి కొద్దిగా వంగుతుంది. తరంగం ఎంత పొడవైతే అంత బాగా వంగుతుంది. అందుకే 43 సెంటీమీటర్ల పొడవుండే 700 మెగాహెర్ట్జ్ తరంగం దూరే చాటుల్లోకి 9 సెంటీమీటర్లకు లోపుండే 3,500 మెగాహెర్ట్జ్ తరంగం అంతగా దూరలేదు.

ఎగుడుదిగుడు నేల మీద తరంగం ఎలా నడుస్తుందో కంప్యూటర్‌తో లెక్కగట్టే పద్ధతులపై పేరున్న పరిశోధన చేసినవారిలో రామకృష్ణ జనస్వామి ఒకరు. ఆయన 1981లో వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజినీరింగ్ పూర్తిచేశారు. ఖరగ్‌పూర్ ఐఐటీ మీదుగా అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి 1986లో పీహెచ్‌డీ పొందారు, తర్వాత అక్కడే ఆచార్యులయ్యారు. వైర్‌లెస్ సమాచారం కోసం తరంగాల ప్రసారం, స్మార్ట్ యాంటెన్నాల మీద ఆయన రాసిన పుస్తకాన్ని ఈ రంగంలోని విద్యార్థులు చదువుకుంటారు.

పదునెక్కిన రేగడి మీద రేడియో

పగటిపూట మీడియం వేవ్ రేడియో నేలను అంటిపెట్టుకుని వస్తుంది. 900 కిలోహెర్ట్జ్ మీద పలికిన కడప కేంద్రం తరంగం పొడవు 333 మీటర్లు. ఇంత పొడవాటి తరంగానికి చెట్టూ ఇల్లూ పెద్ద అడ్డు కాదు, కిందున్న నేల స్వభావమే ముఖ్యం. విద్యుత్తును బాగా పోనిచ్చే నేల మీద అది ఎక్కువ దూరం నడుస్తుంది. వానకు పదునెక్కిన నల్లరేగడి విద్యుత్తును బాగానే పోనిస్తుంది. ఎండిన ఎర్రనేల, గ్రానైటు రాయి అంతగా పోనివ్వవు. అన్నిటికంటే మేలైనది సముద్రపు ఉప్పునీరు.

పొద్దుగూకితే పెరిగే రేడియో

పగలు వినిపించని దూరపు మీడియం వేవ్ కేంద్రాలు రాత్రి ఎందుకు వినిపిస్తాయి? మన నెత్తిన 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో, ఎండ తగిలి తయారయ్యే ఒక పొర ఉంది. దాని పేరు డి పొర. పగలంతా అది మీడియం వేవ్‌ను పీల్చేస్తుంది. పొద్దు గుంకగానే మాయమవుతుంది. అప్పుడు తరంగం ఇంకా పైకి పోయి, పై పొరలను తాకి, వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. నేల మీదుగా వచ్చిన తరంగం, ఆకాశం నుంచి దిగిన తరంగం ఒకదానితో ఒకటి కలిసినప్పుడు పాట సన్నబడి మళ్ళీ లేస్తూ ఉంటుంది.

కొలంబో పాట కర్నూలు జిల్లాకు

రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గొంతులో తెలుగు పాటల కార్యక్రమం విన్న తరం ఇంకా మన మధ్య ఉంది. కొలంబో నుంచి ఆదోనికి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. ఆ రెంటి నడుమ భూమి వంపు దాదాపు 20 కిలోమీటర్లు, ఎవరెస్టు శిఖరానికి రెండింతల కంటే ఎక్కువ. అంత ఎత్తైన అడ్డును షార్ట్‌వేవ్ దాటిందంటే, 250 కిలోమీటర్ల పైనున్న ఎఫ్ పొర దాన్ని కిందికి తిప్పి పంపడం వల్లనే. ఇలాంటి పొరలన్నిటినీ కలిపి ఐనోస్ఫియర్ అంటారు. అది నిజంగా ఉందని 1924లో ప్రయోగంతో చూపిన ఎడ్వర్డ్ ఆపిల్టన్‌కు 1947లో నోబెల్ బహుమతి వచ్చింది.

వాల్తేరులో కొలిచిన గాలి

ఆ పొరల్లో గాలి ఎటు వీస్తోందో నేల మీద నిలబడి చెప్పవచ్చు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ బి.రామచంద్రరావు బృందం 1950ల నుంచే ఈ పని చేసింది. కొంత ఎడంగా మూడు యాంటెన్నాలు పెడతారు. పైకి పంపిన తరంగం తిరిగి వచ్చినప్పుడు మూడింటిలోనూ సిగ్నల్ హెచ్చుతగ్గులు ఒకేలా ఉంటాయి, కానీ ఒకదాని తర్వాత ఒకటిగా కనిపిస్తాయి. ఆ కాలభేదాన్ని బట్టి పైనున్న పొర ఏ దిక్కుకు, ఎంత వేగంతో కదులుతోందో తేలుతుంది. మన దేశంలో రాకెట్లు అందుబాటులోకి రాకముందే మన తీరం నుంచి ఆకాశపు అంచుల గాలిని కొలిచారు.

మిద్దె మీది గొట్టాల పని

దూరదర్శన్ రోజుల్లో ఇంటికొకరు మిద్దెక్కి యాంటెన్నా తిప్పేవారు. “వచ్చిందా?” అని పైనుంచి అరిస్తే, “ఇంకొంచెం తిప్పన్నా… ఆ, అక్కడే!” అని కింద నుంచి జవాబు. ఆ యాంటెన్నాను గుర్తు తెచ్చుకోండి. వెనకున్న అన్నిటికంటే పొడవైన గొట్టం తరంగాన్ని ముందుకు నెడుతుంది. వైరు బిగించిన వంకీ గొట్టం సిగ్నల్‌ను పట్టి టీవీకి పంపుతుంది. ముందున్న పొట్టి గొట్టాలు తరంగాన్ని దాని వైపు మళ్ళిస్తాయి. వైరు తగిలించేది ఒక్కదానికే అయినా అన్నీ కలిసే పనిచేస్తాయి. గొట్టాల పొడవు దాదాపు తరంగంలో సగం ఉండాలి. 200 మెగాహెర్ట్జ్ ఛానెల్‌కైతే 75 సెంటీమీటర్లు. పొట్టి గొట్టాల వైపు కేంద్రానికి ఎదురుగా ఉంటేనే బొమ్మ తేటగా వస్తుంది. ఆ తిప్పుడంతా ఇందుకే.

ఊడా ఢిల్లీకి వచ్చాడు

ఈ యాంటెన్నా పుట్టింది 1926లో, జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో. కనిపెట్టినవారు షింతారో ఊడా, హిదెత్సుగు యాగి. యాగి పేరే ఎక్కువగా నిలిచింది కానీ, ప్రయోగాల భారం మోసింది ఊడా. ఆయన 1950ల నడుమ యునెస్కో నిపుణుడిగా ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో పనిచేశారు.

ఇంకో సంగతి. 1942లో సింగపూర్‌ను పట్టుకున్న జపాన్ సైన్యానికి ఒక బ్రిటిష్ రాడార్ సైనికుడి నోటు పుస్తకంలో ‘యాగి’ అన్న మాట కనిపించింది. అదేమిటో వాళ్ళకు అంతుపట్టలేదు. అది జపాన్ శాస్త్రవేత్త పేరేనని ఆ ఖైదీ చెబితేగాని తెలియలేదు. సొంతవాళ్ళ పరిశోధనను పట్టించుకోని దేశాలన్నిటికీ ఇది పాఠం.

గాదంకిలో 1,024 చోట్ల యాగి

తిరుపతి దగ్గర గాదంకిలో ఇవే యాగి యాంటెన్నాలు వరుసకు 32 చొప్పున 32 వరుసల్లో, మొత్తం 1,024 చోట్ల నిలబడి ఉంటాయి. ఒక్కో చోట రెండేసి, ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. అన్నీ కలిసి 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న స్థలాన్ని ఆక్రమిస్తాయి. ఇది ఎంఎస్‌టీ రాడార్. పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ మీద. 1990ల తొలినాళ్ళలో సిద్ధమైనప్పుడు దాని గరిష్ఠ శక్తి 2.5 మెగావాట్లు. ఏ యాంటెన్నా కదలదు. ఒక్కోదానికి సిగ్నల్ అందే క్షణాన్ని కొంచెం కొంచెం మారుస్తూ కిరణాన్ని కావలసిన దిక్కుకు వంచుతారు. నేటి 5జీ టవర్లు మన ఫోన్ వైపు కిరణాన్ని తిప్పేదీ ఈ సూత్రంతోనే. ఈ రాడార్ పట్టుకునేది విమానాలను కాదు, గాలిలోని సుడులను. ఈ రాడార్‌ను నడిపే సంస్థ పేరు 2005 నుంచి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల.

తుంగభద్ర అవతల కోళ్ళ జాలీ డిష్

1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా దేశంలో 2,400 పల్లెలకు ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ అందింది. సైట్ అనే ఆ ప్రయోగం జరిగిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఉన్నాయి. ఆదోనికి తుంగభద్ర అవతలనున్న రాయచూరు జిల్లా పల్లెలకూ ఆ టీవీ అందింది. పల్లెల్లో పెట్టిన పదడుగుల డిష్‌లను కోళ్ళ గూళ్ళకు వాడే ఇనుప జాలీతో చేశారు. సందులున్న జాలీ తరంగాన్ని ఎలా ఆపుతుంది? 860 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 35 సెంటీమీటర్లు. దాని ముందు జాలీ కన్నం చాలా చిన్నది కాబట్టి తరంగానికి అది నిండు రేకుతో సమానం. ఖర్చూ తక్కువ, గాలికి ఎగిరిపోయే భయమూ తక్కువ.

ఆ టీవీ సెట్లను తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. 1967లో ఆ సంస్థను నిలబెట్టిన డాక్టర్ ఎ.ఎస్.రావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. చంద్రయాన్-1 మాటలు వినడానికి బెంగళూరు దగ్గర బ్యాలాలులో నెలకొల్పిన 32 మీటర్ల భారీ డిష్‌ను నిర్మించిందీ ఈసీఐఎల్‌ సంస్థే.

ఆగ్నేయం వైపు చూసే డిష్

ఎమ్మిగనూరులో ఫ్రీ డిష్ బిగించిన ఏ మిద్దె చూసినా డిష్ ముఖం ఆగ్నేయం వైపే ఉంటుంది. ఆ ఛానెళ్ళు పంపే జీశాట్-15 భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. మన ప్రాంతం 77 డిగ్రీల మీద ఉంది. లెక్క వేస్తే ఉపగ్రహం ఆగ్నేయంలో, దిగంతం నుంచి 64 డిగ్రీల ఎత్తున ఉన్నట్టు తేలుతుంది.

ముసురు పడుతున్నా బొమ్మ వస్తూనే ఉంటుంది, జడివాన కొడితే ఆగిపోతుంది. ఉపగ్రహం నుంచి వచ్చే తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్ల పైచిలుకు. పెద్ద చినుకులు దాన్ని పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. ముసురు చినుకులు మరీ చిన్నవి కాబట్టి అంత నష్టం చేయలేవు. వాన లేకుండానే బొమ్మ పోయే రోజులు కూడా ఉన్నాయి. మార్చి నడిమిలో, సెప్టెంబరు నెలాఖరులో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. అప్పుడు కొద్ది నిమిషాలు సూర్యుడి రేడియో రొద ముందు ఉపగ్రహం గొంతు వినపడదు. డిష్‌ను ముట్టుకోకండి, దానంతటదే సర్దుకుంటుంది.

టవర్ కింద సిగ్నల్ ఎందుకు తక్కువ?

సెల్ టవర్ మీద నిలువుగా కనిపించే పొడవాటి డబ్బాలే యాంటెన్నాలు. సాధారణంగా మూడు వైపులకు మూడు, ఒక్కోటి 120 డిగ్రీల మేర చూస్తుంది. డబ్బా పొడవుగా ఉండేది లోపల చిన్న యాంటెన్నాలను ఒకదానిపై ఒకటి పేర్చడం వల్ల. అలా పేర్చితే కిరణం పైకీ కిందికీ వృథా కాకుండా పలచని పొరగా సాగుతుంది. దాన్ని కొన్ని డిగ్రీలు కిందికి వంచుతారు. 30 మీటర్ల ఎత్తున 4 డిగ్రీలు వంచితే, కిరణం నడిమి భాగం 430 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. టవర్ మొదట్లో నిలబడినవాడి కంటే నాలుగు వీధుల అవతలున్నవాడికి మంచి సిగ్నల్ దొరికేది అందుకే.

జాతరలో గీతలు నిండుగా, కాల్ మాత్రం కలవదు

పుష్యమాసంలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు జనం పోటెత్తుతారు. ఫోన్‌లో గీతలన్నీ ఉంటాయి, కాల్ మాత్రం వెళ్ళదు. గీతలు చూపేది టవర్ నుంచి వచ్చే సిగ్నల్ బలాన్ని మాత్రమే. టవర్ ఒకేసారి ఎంతమందికి చోటివ్వగలదన్నది వేరే సంగతి. గుంపు మధ్యలో ఇంకో ఇబ్బంది ఉంది. మనిషి ఒంట్లో ఎక్కువ పాలు నీరే. నీరు తరంగాన్ని పీల్చుకుంటుంది. సిగ్నల్ బలహీనపడితే ఫోన్ తన శక్తిని పెంచి పంపాల్సి వస్తుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది.

యాంటెన్నాను త్రిభుజాలుగా కోసిన రావు

నేడు యాంటెన్నాను తయారుచేయకముందే కంప్యూటర్‌లో పరీక్షిస్తారు. వంపులు తిరిగిన లోహపు ఉపరితలాన్ని చిన్న చిన్న త్రిభుజాలుగా విడగొట్టి, పక్కపక్క త్రిభుజాల జంట మీదుగా విద్యుత్తు ఎలా పారుతుందో లెక్కగడతారు. ఈ పద్ధతిని 1982లో ప్రకటించిన ముగ్గురిలో మొదటి పేరు సదాశివ ఎం.రావు. ఆయన 1974లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి పట్టా పొందారు. మిగతా ఇద్దరు డొనాల్డ్ విల్టన్, అలెన్ గ్లిసన్. ముగ్గురి పేర్ల తొలి అక్షరాలతో ఈ పద్ధతిని ప్రపంచమంతా ఆర్‌డబ్ల్యూజీ అంటుంది.

1895లోనే 5జీ తరంగాలు

5జీకి కేటాయించిన 26 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సెంటీమీటరు పైచిలుకు. ఇలాంటి పొట్టి తరంగాలను 1895లోనే కలకత్తాలో పుట్టించి, గోడల గుండా పంపి చూపించినవాడు జగదీశ్‌చంద్ర బోసు. ఆయన వాడిన తరంగాల పొడవు 5 మిల్లీమీటర్ల దాకా తగ్గింది. నేడు ప్రయోగశాలల్లో కనిపించే హార్న్ యాంటెన్నా రూపాన్ని ఆయన అప్పుడే వాడారు.

పొద్దుగుంకిన తర్వాత లేచే బుడగలు

అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొసలో, తిరువనంతపురం ప్రాంతం మీదుగా పోతుంది. అందువల్ల మన ఆకాశం ప్రత్యేకమైనది. పొద్దుగుంకాక, ముఖ్యంగా మార్చి-ఏప్రిల్, సెప్టెంబరు-అక్టోబరు నెలల్లో, ఐనోస్ఫియర్‌లో పలచని బుడగలు పైకి లేస్తాయి. వాటి గుండా వచ్చే జీపీఎస్ సిగ్నల్ వణుకుతుంది, చోటు చూపడంలో తేడా వస్తుంది. గాదంకి రాడార్ ఈ బుడగలను ఏళ్ళుగా పరిశీలిస్తోంది. ఉస్మానియాలో 1982లో మొదలైన నేవిగేషన్ ఎలక్ట్రానిక్స్ పరిశోధన కేంద్రం నెర్టు కూడా ఈ తేడాల మీద పనిచేసింది. వీటిని సరిదిద్ది విమానాలకు చెప్పే గగన్ వ్యవస్థను ఇస్రో, భారత విమానాశ్రయాల సంస్థ కలిసి నిర్మించాయి.

సునామీ రోజున హామ్ రేడియో

2004 డిసెంబరు 26న సునామీ అండమాన్‌ను ముంచెత్తినప్పుడు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. ఫోన్లు మూగబోతే వాళ్ళ షార్ట్‌వేవ్ సెట్లు ద్వీపాల క్షేమసమాచారాన్ని బయటికి చేర్చాయి. టవర్, కేబుల్, ఇంటర్నెట్ ఏవీ లేనప్పుడు ఒక తీగా, ఒక బ్యాటరీ, నెత్తిన ఐనోస్ఫియర్ ఉంటే చాలు.

హామ్, అంటే అమెచ్యూర్ రేడియో, లైసెన్సు పరీక్షను 12 ఏళ్ళు నిండిన ఎవరైనా రాయవచ్చు. ఆదోని, ఎమ్మిగనూరు బడుల్లో, కాలేజీల్లో సైన్సు చెప్పే పంతుళ్ళకు, చదివే పిల్లలకు ఒక మనవి. మీ కాలేజీకి ఒక వానమాపకం, ఒక పాత డిష్, ఒక సిగ్నల్ మీటర్ సంపాదించండి. ఏ వానకు సిగ్నల్ ఎంత తగ్గిందో నాలుగు వానాకాలాలు వరసగా రాసి పెట్టండి. మన నేల మీద, మన వానలో తరంగం ఎలా నడుస్తుందో ఇక్కడ ఉండేవాళ్ళు కొలిస్తేనే తెలుస్తుంది. వాల్తేరులోనూ గాదంకిలోనూ పెద్ద పరిశోధన మొదలైంది ఇలాంటి ఓపికైన కొలతలతోనే.